సైకిలు బాట బోర్డుకు ‘చక్రసంజీవని’ వ్యాఖ్య

అవతారిక

ఏ గ్రంథానికి వ్యాఖ్య రాసినా ముందుగా అనుబంధ చతుష్టయం చెప్పాలని పెద్దల ఆజ్ఞ. విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే ఈ నాలుగూ తేల్చకుండా మొదలుపెడితే అది టీక అనిపించుకోదు, కబుర్ల కింద జమ. ప్రస్తుత గ్రంథం ఒక రేకు బోర్డు. చిన్న నగరాల్లో కలెక్టరాఫీసు రోడ్డు మీదనో చెరువు గట్టు మీదనో ఆకుపచ్చ రంగు పూసిన పట్టీ పక్కన ఇనుప గొట్టానికి దీన్ని బిగిస్తారు.

విషయం: సైకిలు బాట. ప్రయోజనం: సైకిలు మీద బయల్దేరినవాడు అదే సైకిలు మీద ఇల్లు చేరడం. సంబంధం: బోర్డులో రాసినదానికీ బాట మీద జరిగేదానికీ మధ్య ఉండవలసింది. అది ఉన్నదా లేదా అన్నదే ఈ వ్యాఖ్యలో విచారం. ఇక అధికారి. శాస్త్రంలో ఈ మాటకు చదవడానికి అర్హత గలవాడని అర్థం, మునిసిపల్ ఆఫీసులో కూర్చునేవాడని భ్రమపడరాదు. తెల్లారకముందే పాలక్యాన్లు చెరోపక్క తగిలించుకుని పోయేవాడు, పేపర్లు వేసే కుర్రాడు, టిఫిను క్యారియరు హ్యాండిలుకు వేలాడదీసుకుని అడ్డా మీదికి చేరే తాపీ పనివాడు, రాత్రి డ్యూటీ దిగి వచ్చే వాచ్‌మన్, సైకిలు మీద బడికి పోయే తొమ్మిదో తరగతి ఆడపిల్ల ముఖ్యాధికారులు. ఆదివారం పొద్దున హెల్మెట్టు, కళ్ళద్దాలు, గేర్ల సైకిలుతో వచ్చేవారు గౌణాధికారులు. వారికీ బాట కావాలి. కానీ బోర్డు ప్రారంభోత్సవం ఫొటోలో కనబడేది ఈ రెండోవారే కనక వరస తారుమారు కాకుండా చెప్పవలసి వచ్చింది.

మెదక్ సీమలోని కొలిచారం వాడుగా పేరుపడ్డ మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు టీకలు రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. ఆ రెండు నియమాలూ మాకూ శిరోధార్యాలే. కాకపోతే ఆయనకు మూలంలో కాళిదాసున్నాడు, మాకు మూలంలో కమీషనరున్నాడు. అందువల్ల ఇక్కడ అధ్యాహారం కొంచెం ఎక్కువ.

మూలం

సైకిళ్ళకు మాత్రమే. ఇతర వాహనములు నిలుపరాదు. అతిక్రమించిన వారిపై చట్టరీత్యా చర్యలు తీసుకొనబడును. ఇట్లు, కమీషనరు.

పాఠాంతరాలు

ఈ గ్రంథానికి శుద్ధప్రతి దొరకడం కష్టం. ఒక ప్రతిలో ‘నిలుపరాదు’ అన్నచోట చివరి రెండక్షరాల రంగు రాలి ‘ఇతర వాహనములు నిలుప’ అని మిగిలింది. కార్ల యజమానులు ఈ పాఠాన్నే గ్రహించినట్టు కనబడుతున్నది. ఇంకొక ప్రతిలో మొదటి వాక్యం మీద జూనియర్ కాలేజీ ర్యాంకుల పోస్టరు అంటించి ఉన్నందున మూలం అలభ్యం. మరొక ప్రతి మొత్తాన్నీ పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ కప్పేసింది. ఆ ఫ్లెక్సీ ప్రక్షిప్తమని నిశ్చయించి విడిచిపెట్టాం.

ప్రతిపదార్థం, విశేషాలు

*సైకిళ్ళకు* = రెండు చక్రాలు, ఒక చైను, మనిషి కాలిబలం తప్ప వేరే ఇంధనం లేని బండ్లకు.

విశేషం: ఈ బండికీ మునిసిపాలిటీకీ సంబంధం కొత్తది కాదు. వెనకటి రోజుల్లో సైకిలుకు ఏటా పన్ను కట్టి బిళ్ళ తగిలించుకునేవారు. బిళ్ళ లేకపోయినా, చీకటిపడ్డాక లైటు లేకపోయినా, క్యారియరు మీద ఇంకొకరిని ఎక్కించుకుని డబుల్స్ పోయినా కానిస్టేబులు పట్టుకునేవాడు. చక్రంలో గాలి తీసేసి పంపించడం ఆనాటి లఘుశిక్ష. అంటే ఒకప్పుడు సైకిలుకు పన్ను ఉండేది, బాట ఉండేది కాదు. ఇప్పుడు బిళ్ళ పన్ను పోయింది, బాట వచ్చింది, బాట మీద కారు వచ్చింది. అమ్మకం పన్ను సంగతంటారా, 2025 సెప్టెంబరులో సైకిలు మీద జీఎస్టీని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. కొనడం తేలికైంది. తొక్కడానికి చోటే మిగిలింది.

*మాత్రమే* = ఇంకెవరికీ కాదు అని అర్థం.

విశేషం: ఇది అవధారణార్థకం. తార్కికులు ఇలాంటి చోట ‘అన్యయోగ వ్యవచ్ఛేదం’ అంటారు. అన్యులకు దానితో సంబంధాన్ని తెంచివేయడమన్నమాట. ఇచట శంక: తెంచేది ఎవరు? రంగు తెంచుతుందా? ఆకుపచ్చ రంగు మీద కారు టైరు ఎక్కినప్పుడు టైరుకు ఏ కష్టమూ కలగడం లేదు. సమాధానం: ‘మాత్రమే’ అన్న పదాన్ని రంగుతో రాస్తే అది ప్రార్థన, అరడుగు ఎత్తు సిమెంటు అంచుతో రాస్తేనే అది ఆజ్ఞ. అంచుతోపాటు బాట మొదట్లో కారు దూరకుండా సిమెంటు గుంజలు పాతాలి. ఆ గుంజల మధ్య సందు ఎంతన్నది పెద్ద ప్రశ్న. మరీ దగ్గరగా పాతితే పాలక్యాన్ల సైకిలు ఇరుక్కుంటుంది, మరీ దూరంగా పాతితే ఆటో దూరుతుంది. నాలుగడుగుల సందు సైకిలుకు సుఖం, కారుకు అసాధ్యం. ఆ సందులోంచి స్కూటరు మాత్రం దూరుతుంది. దానికి గుంజ చాలదు, మనిషి కావాలి. ఆ మనిషి ఎవరన్నది ‘తీసుకొనబడును’ దగ్గర విచారిస్తాం.

*ఇతర వాహనములు* = సైకిలు కానివి.

విశేషం: ఇక్కడ లక్షణానికి అవ్యాప్తి దోషం పట్టింది. బాట మీద ఉన్నవాటిని పైనుంచి కిందకు లెక్కవేసి చూస్తే కార్లు, బైకులు సరే. ట్రాన్స్‌ఫార్మరు, ఇల్లు కట్టుకుంటున్నాయన పోయించిన ఇసుక కుప్ప, చెత్త డబ్బా, బట్టల షాపు బొమ్మ, నెమరువేస్తున్న గేదె కూడా దర్శనమిస్తాయి. ఇవేవీ వాహనాలు కావు. కాబట్టి మూలం వీటిని నిషేధించలేదని వాదించే వీలుంది, వాదిస్తున్నారు కూడా. పండ్ల బండికి చక్రాలున్నా దాన్ని ఈ జాబితాలో వేయడం అన్యాయం. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వారికి ఊళ్ళో చోటు చూపించవలసిన పని పట్టణ వెండింగ్ కమిటీది. చోటు చూపకుండా సైకిలు బాట మీంచి తరిమితే ఒక పేదవాడి దారి కోసం ఇంకొక పేదవాడి బతుకును తొక్కినట్టవుతుంది.

*నిలుపరాదు* = ఆపి ఉంచకూడదు.

శంక: నిలుపరాదు అన్నారు గాని నడుపరాదు అనలేదు కదా? ట్రాఫిక్ జామైనప్పుడు బైకులన్నీ ఈ బాట ఎక్కి పోతున్నాయే? సమాధానం: మూలంలో లేకపోయినా శాస్త్రంలో ఉంది. 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే, కాలిబాట గాని సైకిలు బాట గాని ఉన్నచోట యూనిఫాంలో ఉన్న పోలీసు అనుమతి లేనిదే మోటారు బండి దానిమీదికి ఎక్కరాదని రాశారు. 2017లో వాటి స్థానంలో వచ్చిన డ్రైవింగు నిబంధనలు సైకిలు బాట మీద బండి ఆపడాన్ని కూడా తప్పన్నాయి. మన ఊళ్ళలో చాలామటుకు బాట పుట్టకముందే బాట మీద చట్టం పుట్టి కూర్చుంది.

*అతిక్రమించిన వారిపై* = సుగమం. ఉదాహరణలు పుష్కలం.

*చట్టరీత్యా చర్యలు తీసుకొనబడును* = శిక్ష పడుతుంది.

విశేషం: కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదని వ్యాకర్తలు మొత్తుకుంటారు. అయినా ప్రభుత్వ బోర్డుల్లో ఇదే ఎందుకు వాడతారంటే, ఇందులో కర్త కనబడనక్కరలేదు. చర్య తీసుకునేది ఎవరు? మునిసిపాలిటీని అడిగితే ట్రాఫిక్ పోలీసులంటారు. పోలీసుల్ని అడిగితే బాట వేసినవారు చూసుకోవాలంటారు. బాట వేసిన కాంట్రాక్టరు బిల్లు తీసుకుని వెళ్ళిపోయాడు. ఈ విధంగా కర్త లుప్తమై, కర్మ రోడ్డున పడి, క్రియ మాత్రం బోర్డు మీద మిగిలింది. ఇక కాలం సంగతి. ‘తీసుకొనబడును’ భవిష్యదర్థకమని కొందరు. అది సాధువు కాదు. ఏళ్ళు గడిచినా నెరవేరని క్రియను ఆశీరర్థకంగా గ్రహించడమే న్యాయం. ‘నీకు శుభమగును’ వంటిదన్నమాట.

*ఇట్లు, కమీషనరు* = బోర్డు రాయించిన రోజున ఆ కుర్చీలో ఉన్నవారు. ఇప్పుడు బదిలీ మీద వేరే జిల్లాలో ఉన్నారు.

వార్తికం

సూత్రంలో చెప్పినదాన్ని, చెప్పకుండా వదిలినదాన్ని, తప్పుగా చెప్పినదాన్ని విచారించేది వార్తికం. ఈ గ్రంథానికి వార్తికకారుడు బాట చివర వేపచెట్టు కింద పంక్చర్లు వేసుకునేవాడు. ఆయన వద్ద ఒక ఇనుప పెట్టె, గాలిపంపు, నీళ్ళ టబ్బు, చెట్టు కొమ్మకు వేలాడే పాత టైర్లు ఉంటాయి. టైరు ఒక పక్క ఊడదీసి, ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, నీళ్ళలో ముంచి జానెడు జానెడుగా తిప్పుతాడు. బుడగలు లేచినచోట వేలు అదిమి పట్టి, తడి తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ఆరనిచ్చి, ముక్క అతికించి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తాడు. ఆ తర్వాత అసలు పరిశోధన. టైరు లోపల వేళ్ళతో తడిమి గుచ్చుకున్నదాన్ని బయటికి తీస్తాడు. గాజుపెంకు, బైండింగు తీగ ముక్క, కంకర చెక్క.

“రోడ్డు ఊడ్చేవాళ్ళు మట్టంతా అంచుకు నెడతారు సార్. అంచంటే ఈ పచ్చ బాటే” అన్నాడు. బాట వేయడానికి టెండరుంది, బాట ఊడ్చడానికి లేదు. ఇది అనుక్త చింత.

“చూడండి ఈ రిమ్ము” అని వంకరపోయిన చక్రాన్ని చూపించాడు. మురుగు కాలవ మీది ఇనుప జాలీ పుల్లలు అడ్డంగా ఉంటే చక్రం దాటిపోతుంది. బండి పోయే దారికి సమాంతరంగా ఉంటే సన్నని సైకిలు చక్రం సరిగ్గా సందులోకి దిగుతుంది, మనిషి హ్యాండిలు మీదుగా ముందుకు వెళ్ళిపోతాడు. కారు టైరుకు ఇది తెలియదు కనక ఇంజనీరుకూ తెలియలేదు. ఆ జాలీని తీసి అడ్డంగా తిప్పి పెట్టడానికి ఇద్దరు మనుషులు, ఒక పూట చాలు. ఇది దురుక్త చింత.

సంధి ప్రకరణం

రెండు పదాలు కలిసేచోట సంధి, రెండు రోడ్లు కలిసేచోట కూడలి. సంధిలో లోపం, ఆగమం, ఆదేశం అని మూడు కార్యాలు జరుగుతాయి. మన బాటకు మొదటిది ఒక్కటే తెలుసు. కూడలి పరమైనప్పుడు సైకిలు బాటకు లోపం నిత్యం. అంటే కూడలికి ముప్పై గజాల ముందే పచ్చరంగు ఆగిపోతుంది, కూడలి దాటాక నలభై గజాలకు మళ్ళీ మొదలవుతుంది. ప్రమాదం ఎక్కడ ఎక్కువో అక్కడ బాట ఉండదు.

మన కూడళ్ళలో ముఖ్య దోషం ఫ్రీ లెఫ్టు. తిన్నగా పోయే సైకిలువాడు రోడ్డుకు ఎడమవైపున ఉంటాడు. ఎడమకు తిరిగే లారీ వాడి ముందునుంచే కోసుకుపోతుంది. తిరిగే లారీ డ్రైవరుకు తన ఎడమ పక్క ఉన్న సైకిలు కనబడదు. దీనికి విరుగుడు నెదర్లాండ్స్‌లో కనిపెట్టి ఎన్నాళ్ళో అయింది. కూడలి మూలలో చిన్న సిమెంటు దిబ్బ కట్టి బండ్లు నెమ్మదిగా తిరిగేటట్టు చేయాలి. సైకిలుకు ఆ దిబ్బ వెనకాల దారి ఇవ్వాలి. సిగ్నలు దగ్గర సైకిళ్ళు బండ్లకు నాలుగడుగులు ముందు ఆగేలా గీత గీయాలి. అడ్డరోడ్డు కలిసేచోట బాట కిందికి దిగకూడదు, బండ్లే ఎత్తెక్కి దిగాలి. దీన్ని ఆగమం అనవచ్చు. లోపం మాని ఆగమం చేస్తే సంధి కుదురుతుంది.

అన్వయం

వ్యాఖ్యకు ప్రాణం అన్వయం. విడివిడి పదాలకు ఎంత సొగసైన అర్థం చెప్పినా, ఏది దేనితో కలుస్తుందో చెప్పకపోతే వాక్యం పుట్టదు. మన నగరాల్లో సైకిలు బాటలకు పట్టిన జబ్బు సరిగ్గా ఇదే. పార్కు దగ్గర ఎనిమిది వందల మీటర్లు, చెరువు గట్టు మీద ఒక కిలోమీటరు, కలెక్టరేటు ముందు నాలుగు వందల మీటర్లు. ఒక్కొక్కటీ ముచ్చటగానే ఉంటుంది. ఒకదాన్నుంచి ఇంకొకదానికి పోవాలంటే మాత్రం బస్సుల మధ్య దూరి ప్రాణం అరచేతిలో పెట్టుకోవాలి. ఆలంకారికులు దీన్నే విసంధి దోషమంటారు.

ఇందుకు ప్రమాణాలున్నాయి. 1970లలో డచ్చి ప్రభుత్వం హేగ్, టిల్‌బర్గ్ పట్టణాల్లో ఒక్కొక్క ఘనమైన సైకిలు దారి వేసి చూసింది. పక్క వీధుల్లో తొక్కేవాళ్ళు దానిమీదికి వచ్చారు గాని కొత్తగా సైకిలెక్కినవాళ్ళు పెద్దగా లేరు. తర్వాత 1980లలో డెల్ఫ్ట్ అనే చిన్న పట్టణంలో ఒక్క దారి కాకుండా ఊరంతా కలిసే అల్లిక అల్లారు. ఊరు మొత్తానికి పెద్ద దారులు, పేటలకు మధ్యరకం దారులు, ఇంటి వీధులకు చిన్నవి, తెగిపోయినచోట చిన్న వంతెన, సొరంగం. సైకిళ్ళ వాడకం అక్కడ పెరిగింది.

“డచ్చివాళ్ళ సంగతి వేరు, వాళ్ళకు పుట్టుకతోనే అలవాటు” అనేవారి కోసం రెండో ప్రమాణం. స్పెయిన్‌లో సెవీల్ నగరం ఉంది. ఎండ మండిపోయే ఊరు, జనాభా ఏడు లక్షలకు కాస్త అటూ ఇటూ, సైకిలు సంప్రదాయం దాదాపు సున్న. 2006, 2007 ప్రాంతాల్లో అక్కడ ఏడాదిన్నరలో సుమారు 80 కిలోమీటర్ల బాటను అంచులు కట్టి, ఒకదానితో ఒకటి కలిపి, ఒక్కసారిగా వేశారు. అందుకోసం రోడ్డు పక్క కార్లు నిలిపే చోట్లు వేలల్లో తీసేశారు. కొన్నేళ్ళలోనే సైకిలు ప్రయాణాలు పది రెట్ల దాకా పెరిగాయి. ముక్కముక్కగా ఇరవై ఏళ్ళు వేసి ఉంటే ఆ ఊళ్ళోనూ ఎవరూ ఎక్కేవారు కారు.

ఇప్పుడు స్వదేశీ ఉదాహరణ. 2020లో కేంద్ర ప్రభుత్వం నగరాలకు సైకిళ్ళ పోటీ పెట్టింది. వందకు పైగా నగరాలు నమోదయ్యాయి. 2021లో ఎంపికైన పదకొండింటిలో తెలుగు నేల నుంచి ఉన్నది వరంగల్ ఒక్కటే. వ్యాఖ్యాత దృష్టితో చూస్తే వరంగల్ భూగోళమే ఒక వాక్యం. కాజీపేట, హనుమకొండ, వరంగల్ అనే మూడు ఊళ్ళు దారానికి గుచ్చినట్టు ఒకే రోడ్డు మీద ఉన్నాయి. కాజీపేట జంక్షన్ నుంచి వరంగల్ స్టేషనుకు రైలు దారిలో పది కిలోమీటర్లు. ఈ మూడు ఊళ్ళ నడుమనే ఎన్ఐటీ, అదాలత్, హనుమకొండ చౌరస్తా, ఎంజీఎం ఆసుపత్రి వస్తాయి. విద్యార్థి, గుమాస్తా, రోగి బంధువు, స్టేషను కూలీ అందరూ ఈ ఒక్క దారి మీదివారే. సగం దూరం పోయేవాడికి సైకిలు మీద ఇరవై ఐదు నిమిషాలు మించదు. ఇలాంటి ఊరికి యాభై బాటలు అక్కరలేదు. ఈ వెన్నెముక ఒక్కటి తెగకుండా వేసి, వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు, కాకతీయ విశ్వవిద్యాలయం వైపు పక్కటెముకలు కలిపితే వాక్యం పూర్తవుతుంది. పోటీలో ఎంపికైన ఊరైనా, కాని ఊరైనా లెక్క కట్టవలసింది ఎన్ని కిలోమీటర్లు వేశామన్నది కాదు, ఎక్కడా దిగి నడిపించనక్కరలేకుండా ఎంత దూరం పోవచ్చన్నది.

అలంకార విచారం

పచ్చరంగు బాటలో ఉన్నది ఉత్ప్రేక్ష: రంగు పూస్తే బాట అయినట్టు ఊహ. ప్రారంభోత్సవ ఉపన్యాసంలో ఉన్నది అతిశయోక్తి. బాట మధ్యలో నిలిచిన ట్రాన్స్‌ఫార్మరు మీద ‘సైకిలు తొక్కండి, ఆరోగ్యం కాపాడుకోండి’ అని రాసి ఉంటే విరోధాభాసం.

పూర్వపక్షం, సిద్ధాంతం

*పూర్వపక్షం:* ఈ రోజుల్లో సైకిలెవరు తొక్కుతున్నారు?

*సిద్ధాంతం:* అడిగినాయన నిద్ర లేవకముందే తొక్కి వెళ్ళిపోయినవారు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వ్యవసాయేతర పనులకు పోయేవారిలో నూటికి సుమారు పదముగ్గురు సైకిలు మీద పోతున్నారని తేలింది. అప్పటికి మోటారు సైకిలు, స్కూటరు కలిపినా అంతకు మించలేదు. వీళ్ళు తర్వాత బైకు కొన్నది సైకిలు మీద విరక్తితో కాదు. అప్పు చేసి బైకు కొంటేనే రోడ్డు మీద మనిషిగా లెక్కవేస్తున్నారు గనక.

*పూర్వపక్షం:* రోడ్డుకు వెడల్పు లేదు.

*సిద్ధాంతం:* నిలిపి ఉంచిన కార్ల వరసకు రెండు మీటర్లు దొరికింది. సైకిలు బాటకు కావలసింది కూడా అంతే. ఇక సందులకు, ఇంటి వీధులకు విడిగా బాటే అక్కరలేదు. బండ్ల వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకుండా చేస్తే వీధి మొత్తం సైకిలు బాటే.

*పూర్వపక్షం:* మన ఎండలకు సైకిలా?

*సిద్ధాంతం:* ఎండ బైకువాడికీ ఉంది. నీడ ఉంటే సైకిలువాడికీ బాధ లేదు. హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల బాట తెరిచారు, పైన సౌర ఫలకాల కప్పు, కింద నీడ, కప్పు మీద కరెంటు. చిన్న ఊరికి అంత ఖర్చు అక్కరలేదు, బాట వెంట కానుగ, వేప, చింత మొక్కలు నాటి మూడు వేసవులు నీళ్ళు పోస్తే చాలు. రోడ్డు వెడల్పు పేరుతో ఉన్న చెట్లు కొట్టకపోతే అదీ అక్కరలేదు.

*పూర్వపక్షం:* దుకాణాల ముందు కార్లు ఆగకపోతే బేరాలుండవు.

*సిద్ధాంతం:* ఒక కారు ఆగేచోట దాదాపు పది సైకిళ్ళు ఆగుతాయి. పైగా పొద్దున్నుంచి ఆ కారు ఎవరిదో విచారిస్తే పదింట తొమ్మిదిసార్లు షాపు యజమానిదో పక్క షాపు యజమానిదో అయి ఉంటుంది. దానివల్ల బేరం ఏమీ పెరగడం లేదు.

*పూర్వపక్షం:* ముందు జనం సైకిళ్ళు తొక్కడం మొదలుపెట్టనీయండి, అప్పుడు బాట వేద్దాం.

*సిద్ధాంతం:* సెవీల్ వృత్తాంతం చూడుడు. ఇంకా సందేహమున్నవారు ఆఫీసు సమయంలో ప్రధాన రోడ్డు మీద తమ కూతురిని సైకిలు మీద పంపగలరేమో ఆలోచించుకుని, ఆ పిమ్మట ఈ పూర్వపక్షాన్ని మళ్ళీ చెప్పవలసింది.

తాత్పర్యం

ఊరు సైకిళ్ళకు చోటు ఇచ్చానని చెప్పుకోవడానికి బోర్డు పాతింది. ఆ చోటు కార్లు పట్టుకున్నాయి. పట్టుకున్నవారిని పంపించే మనిషిని ఎవరూ నియమించలేదు. ఇంతే గ్రంథార్థం.

ఇక చేయవలసినది. కొత్త ముక్క వేయడానికి ముందు ఉన్న ముక్కల్ని కలపాలి. కలిపినచోట రంగు బదులు అంచు కట్టాలి, వెడల్పు రెండు మీటర్లకు తగ్గకూడదు. ఎదురెదురుగా సైకిళ్ళు పోయే బాటైతే మూడు కావాలి. కూడలిలో బాట మాయం కాకూడదు. కాలవ జాలీలు అడ్డంగా తిప్పాలి. ఊడ్చే పని పారిశుద్ధ్య విభాగం రోజువారీ పట్టీలో చేర్చాలి. రాత్రి డ్యూటీవాళ్ళకు, ట్యూషను నుంచి వచ్చే ఆడపిల్లలకు వీధి దీపాల వెలుగు బాట మీద పడాలి, ఇప్పటిలా నడి రోడ్డు మీద కాదు. బస్టాండు, రైల్వే స్టేషను, రైతుబజారు, పెద్దాసుపత్రి ముందు తాళం వేసుకునే స్టాండు, మీద చిన్న రేకుల కప్పు కావాలి. బాట మీద బండి పెట్టినవాడికి చలానా రాసే పని ఫలానా స్టేషను ఎస్సైదని పేరుపెట్టి ఉత్తర్వు ఇవ్వాలి. అప్పుడు ‘తీసుకొనబడును’ పోయి ‘తీసుకుంటాం’ వస్తుంది. ఒక్క ఫ్లైఓవరు ఖర్చులో ఒక చిన్న నగరానికి ఈ పనులన్నీ చేసి ఇంకా మిగులుతుంది.

గద్యం

ఇది శ్రీమద్రహదారి కటాక్ష వీక్షణ లబ్ధ పంక్చర పరంపరా పరిశోధితుండును, చైను జారినపుడెల్ల స్వహస్తంబున నెక్కించువాడును, మసి యంటిన పంట్లాము గలవాడును నగు వ్యాఖ్యాతచే రచియింపబడిన చక్రసంజీవని యను బోర్డు వ్యాఖ్యయందు సర్వంబు నేకాశ్వాసము.

పాఠకులకు ఒక్క మనవి. మునిసిపల్ బడ్జెట్టు సమావేశాలకు ముందు మీ కార్పొరేటరు ఇంటికి ఒకసారి వెళ్ళండి. కొత్త బాట అడగకండి, ప్రారంభోత్సవం దొరుకుతుంది కనక అది వెంటనే ఇస్తారు. మీ వీధి నుంచి మీ పిల్లల బడి దాకా బాట ఎక్కడెక్కడ తెగిందో ఒక కాగితం మీద గీసి ఇవ్వండి. ఆ తెగినచోట్లు కలపమని అడిగి, రసీదు తీసుకుని రండి.